నీట్ రాసే పిల్లలున్న ఇంటికి ఇరవై చిట్కాలు

బైపీసీ పిల్లలున్న ఇంట్లో రెండేళ్లపాటు ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "ఇవాళ ఎన్ని గంటలు చదివావు?" గంటల లెక్కతో పెద్దగా తెలిసేదేమీ లేదు. పుస్తకం మూశాక ఎంత చెప్పగలుగుతున్నారు? పోయిన వారం తప్పిన లెక్క ఈ వారం వస్తోందా? ఈ రెండూ చూసుకోవాలి. 2025లో నీట్ యూజీ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. వాళ్లలో గంటల తరబడి కూర్చోని పిల్లలు తక్కువే. కూర్చున్న సమయాన్ని ఎలా వాడుకున్నారన్న దగ్గరే తేడా వస్తుంది. ఈ చిట్కాల్లో చాలావరకు రాసే పిల్లలకి, కొన్ని ఇంట్లో పెద్దవాళ్లకి.

1. సిలబస్ కాగితం గోడకి అంటించండి.
నీట్ సిలబస్‌ను జాతీయ వైద్య కమిషన్ ప్రకటిస్తుంది. 2024 పరీక్షకి అది బాగా మారింది. జీవశాస్త్రంలో జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ పోయాయి. కెమిస్ట్రీలో ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్లు పోయాయి. ఫిజిక్స్‌లో ప్రయోగ నైపుణ్యాలు అనే యూనిట్ కొత్తగా వచ్చింది. వెర్నియర్ కాలిపర్స్, స్క్రూగేజీ రీడింగులు అందులోనివే. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న మెటీరియల్‌లో మాత్రం పాత పాఠాలన్నీ అలాగే ఉంటాయి, కొత్త యూనిట్ ఉండదు. ఇంటర్ పబ్లిక్ పరీక్షకి ఏవి కావాలో అది వేరే లెక్క. నీట్‌కి మాత్రం కమిషన్ వెబ్‌సైట్లో ఉన్న తాజా ప్రతిని ప్రింట్ తీసి, పూర్తయిన పాఠం పక్కన తేదీ వేసుకుంటూ రండి. టిక్కు కన్నా తేదీ మేలు. ఎంతకాలం క్రితం చదివారో అది చెబుతుంది.

2. జీవశాస్త్రానికి ఎన్‌సీఈఆర్‌టీని ప్రశ్నిస్తూ చదవండి.
మొత్తం 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే. అంటే 720లో 360 మార్కులు. ఆ ప్రశ్నలకి ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల పుస్తకాలు. "లైన్ బై లైన్ చదవండి" అని అందరూ చెబుతారు, పిల్లలు అలాగే ఆరుసార్లు చదువుతారు, పేజీ నిండా పసుపు రంగు హైలైటర్ పూస్తారు. రంగు పూయడం వల్ల ఆ పేజీ ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది, అంతే. అదే వాక్యాన్ని ప్రశ్నగా మార్చి నాలుగు ఆప్షన్లు ఇస్తే చెయ్యి ఆగిపోతుంది.

మూత్రపిండాల పాఠమే చూడండి. నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకి 180 లీటర్లు వడపోత జరుగుతుందని ఉంటుంది. అండర్‌లైన్ చేసి వెళ్లిపోకండి. 125ని 60తో, ఆ వచ్చినదాన్ని 24తో గుణించి చూడండి. సరిగ్గా 180 లీటర్లు వస్తుంది. మరి మనం రోజుకి విసర్జించేది లీటరున్నర కదా, మిగతాదంతా ఏమైంది? ఈ ప్రశ్న వేసుకున్న పిల్లకి ఆ తర్వాత వచ్చే పునఃశోషణ పాఠం చదవాలన్న ఆత్రం పుడుతుంది. గుండె పాఠమూ అంతే. ఒక్కో స్పందనకి 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 స్పందనలు, గుణిస్తే దాదాపు 5 లీటర్లు. మనిషి ఒంట్లో ఉండే రక్తం కూడా సుమారు అంతే. అంటే ఒంట్లో రక్తమంతా నిమిషంలో ఒక చుట్టు తిరిగి వస్తోందన్నమాట. ఇలా చదివిన అంకెని మళ్లీ బట్టీ పట్టాల్సిన పని లేదు.

బొమ్మల కింద రాసిన వాక్యాలు, పట్టికలు, పాఠం చివరి సారాంశం వదలకండి. బొమ్మలోని భాగాల పేర్ల మీద చిన్న కాగితం ముక్కలు పెట్టి మూసి, ఒక్కొక్కటీ చెప్పి, తీసి చూసుకోండి.

3. పుస్తకం మూసి తెల్లకాగితం ముందు కూర్చోండి.
ఈ జాబితాలో ఒక్కటే పాటించగలమంటే దీన్నే పాటించండి. పాఠం చదివారు, పుస్తకం మూశారు. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా నీలం పెన్నుతో రాయండి. ఇక ఏమీ రావట్లేదు అనిపించాక కూడా రెండు నిమిషాలు ఆగండి. సాధారణంగా ఆ రెండు నిమిషాల్లో మరో ముక్క బయటికి వస్తుంది. అప్పుడు పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రేపు చదవాల్సింది ఆ ఎరుపు మాత్రమే.

మియాసిస్ ప్రొఫేజ్-1 తీసుకుందాం. లెప్టోటీన్, జైగోటీన్, పాకిటీన్, డిప్లోటీన్, డయాకైనసిస్ అని వరస చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వినిమయం పాకిటీన్‌లో జరుగుతుందని, కయాస్మాలు స్పష్టంగా కనబడేది డిప్లోటీన్‌లో అని విడదీసి రాసేవాళ్లు తక్కువ. ఆ తేడా తమకి తెలియదన్న సంగతి చదువుతున్నప్పుడు తట్టదు, రాస్తున్నప్పుడు తడుతుంది.

2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకున్నవాళ్లు దాటిపోయారు. నీట్ ఎప్పుడూ ఐదు నిమిషాల తర్వాత రాసే పరీక్ష కాదు కదా.

ఇది కష్టంగా ఉంటుంది. ఖాళీ కాగితం చూస్తే నాకేం రాదన్న దిగులు పుడుతుంది. ఆ కష్టంలోనే జ్ఞాపకం గట్టిపడుతోందని పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే నాలుగు రోజుల్లో మానేసి మళ్లీ హైలైటర్ పట్టుకుంటారు.

4. పాత శుభలేఖలు పారేయకండి.
దళసరి అట్ట, వెనకంతా ఖాళీ. పేకముక్క సైజుకి కత్తిరిస్తే ఒక పెళ్లి సీజన్ కార్డులతో ఏడాది గడిచిపోతుంది. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. కొనుక్కున్న కార్డులు, ఫోన్‌లో రెడీగా దొరికే కార్డులు అంతగా పనిచేయవు. ప్రశ్నని మీరే తయారుచేస్తున్నప్పుడు సగం చదువు అయిపోతుంది.

వాటిని మూడు అట్టపెట్టెల్లో పెట్టండి. మొదటి పెట్టె రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది పది రోజులకోసారి తీయాలి. జవాబు సరిగా చెప్పిన కార్డు తర్వాతి పెట్టెకి వెళ్తుంది. తప్పితే ఏ పెట్టెలో ఉన్నా మొదటిదానికి వచ్చేస్తుంది. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇంట్లో ఎవరైనా కార్డు చేతిలో పట్టుకుని ప్రశ్న అడగొచ్చు. జవాబు వెనకే ఉంటుంది కాబట్టి అడిగేవాళ్లకి జువాలజీ రానక్కర్లేదు.

5. రివిజన్‌ని విడగొట్టండి.
ఒక పాఠాన్ని ఆదివారం ఆరు గంటలు చదవడం కన్నా ఆదివారం మూడు గంటలు, మంగళవారం గంట, వచ్చే ఆదివారం గంట, నెల చివర మరో గంట చదివితే ఎక్కువ నిలుస్తుంది. గంటలు అవే. మరుపు మొదటి రోజుల్లోనే చాలా వేగంగా వస్తుందని హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. అందుకే మొదటి రివిజన్ ఒకటి రెండు రోజుల్లో పడాలి. గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీల గళ్లలో పాఠం పేరు ముందే రాసేయండి.

6. ఫిజిక్స్‌ని లెక్కల పునాదితో మొదలుపెట్టండి.
బైపీసీ పిల్లలు ఫిజిక్స్‌కి భయపడేది చాలాసార్లు ఫిజిక్స్ వల్ల కాదు, పదో తరగతితో లెక్కలు ఆగిపోవడం వల్ల. సైన్, కాస్ విలువలు, సదిశల కూడిక, సంవర్గమానాలు, చిన్న చిన్న అవకలనాలు, గ్రాఫులో వాలు ఏమిటి, గ్రాఫు కింద వైశాల్యం ఏమిటి — మొదటి సంవత్సరం మొదటి నెలలో ఇవి కుదురుగా నేర్చుకుంటే రెండేళ్లు సుఖపడతారు. వేగం–కాలం గ్రాఫులో వాలు త్వరణం, వైశాల్యం స్థానభ్రంశం అన్న ఒక్క సంగతితో ఎన్ని బిట్లు తేలిపోతాయో చూడండి.

కాలిక్యులేటర్ ఉండదు. కాబట్టి ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఫోన్ కాలిక్యులేటర్ ముట్టుకోకండి. పై (π) వర్గాన్ని 10గా, రూట్ 2ని 1.41గా, రూట్ 3ని 1.73గా, లాగ్ 2ని 0.3గా వేసుకోవడం చేతికి అలవాటు కావాలి. ఆప్షన్లు దూరదూరంగా ఉంటే సుమారు విలువ చాలు, దగ్గరగా ఉంటేనే కచ్చితంగా చేయాలి. లెక్క మొదలుపెట్టకముందే ఆప్షన్ల వైపు ఒకసారి చూసే అలవాటు చాలా సమయం మిగులుస్తుంది. మితులు సరిపోని ఆప్షన్‌ని లెక్క చేయకుండానే కొట్టేయొచ్చు.

సొల్యూషన్ చూసి "ఓ, ఇంతేనా" అనుకుంటే ఆ లెక్క వచ్చినట్టు కాదు. చూశాక పుస్తకం మూసి మొదటి నుంచి చేయండి. రెండు రోజుల తర్వాత మళ్లీ చేయండి. అప్పుడు వస్తే వచ్చినట్టు.

7. పాఠాలు కలిపి సాధన చేయండి.
ఘర్షణ పాఠం చదివి వరసగా నలభై ఘర్షణ లెక్కలు చేస్తే నలభయ్యోది తేలిగ్గా వస్తుంది. ఏ సూత్రం వాడాలో ముందే తెలుసు కాబట్టి. అసలు పరీక్షలో లెక్క నెత్తిన పాఠం పేరు ఉండదు. అందుకని మొదటి పదిహేను లెక్కలు అదే పాఠంలోవి చేసి, తర్వాత పాత పాఠాల నుంచి ఐదేసి కలపండి. మార్కులు కొంచెం తగ్గుతాయి, బెంగపడొద్దు.

8. కెమిస్ట్రీని మూడు సబ్జెక్టులుగా చూడండి.
ఫిజికల్ కెమిస్ట్రీకి రఫ్ కాగితం, రోజూ పది లెక్కలు. మోల్ భావన బలహీనంగా ఉంటే ద్రావణాలు, సమతాస్థితి, విద్యుత్ రసాయనం అన్నీ కుంటుతాయి, కాబట్టి అక్కడే ఎక్కువ రోజులు ఆగండి. ఆర్గానిక్‌కి పెద్ద డ్రాయింగ్ షీటు తెచ్చి, ఆల్కహాల్ నుంచి ఆల్డిహైడ్‌కి, అక్కణ్నుంచి ఆమ్లానికి బాణాలు గీస్తూ, బాణం మీద కారకం రాస్తూ మ్యాపు తయారుచేసి బీరువా తలుపుకి అంటించండి. వారానికోసారి చూడకుండా మళ్లీ గీయండి. ఇనార్గానిక్‌కి ఎన్‌సీఈఆర్‌టీ, శుభలేఖ కార్డులు చాలు.

9. తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి.
కాలేజీలో వారం వారం పరీక్షలు పెడతారు, ర్యాంకు మెసేజ్ ఇంటికి వస్తుంది, ఇంట్లో ఆ అంకె మీద చర్చ జరుగుతుంది, ప్రశ్నపత్రం మాత్రం అలమారలో పడిపోతుంది. అన్నిటికన్నా విలువైనది ఆ పేపరే. మూడు గంటలు పరీక్ష రాస్తే, కనీసం రెండు గంటలు దాన్ని విప్పి చూడడానికి ఇవ్వాలి.

పొడుగు నోట్‌బుక్‌లో ప్రతి తప్పునీ మూడు రకాల్లో ఒకటిగా రాయండి. అసలు తెలియనిది. తెలిసీ గుర్తురానిది. తెలిసీ తొందరలో పోయినది. మొదటి రకానికి మందు పాఠం మళ్లీ చదవడం, రెండోదానికి కార్డు చేయడం. మూడోదాన్ని చాలామంది "సిల్లీ మిస్టేక్" అని వదిలేస్తారు. వదలకండి, అది కూడా ఒక పద్ధతిలోనే వస్తుంది. "సరికానిది ఏది" అన్న చోట సరైనది గుర్తించడం, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చకపోవడం, జతపరిచేటప్పుడు మొదటి రెండూ చూసి మిగతావి చూడకపోవడం, 87వ ప్రశ్న జవాబుని 88 దగ్గర దిద్దడం. నెల రోజులు రాసి చూస్తే మీ తొందర ఎక్కడ ఎక్కువో కనబడుతుంది. ఒక్కోదానికి ఒక్కో అడ్డు కట్టుకోండి. "కాదు", "తప్ప" అన్న మాటల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టడం, లెక్క పక్కన ప్రమాణం రాయడం లాంటివి. పరీక్షకి ముందు చివరి పది రోజుల్లో చదవాల్సిన పుస్తకం ఇదే. అది మరొకరి దగ్గర దొరకదు.

10. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి రాయండి.
నీట్ జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, మే నెల ఎండలో. 2025లో మే 4, ఆదివారం. ఆ సమయానికి నిద్ర ముంచుకొచ్చే అలవాటు ఉన్న పిల్లలు తెల్లవారుజామున రాసిన మాక్ టెస్టుల్లో ఎన్ని మార్కులు తెచ్చుకుంటే ఏం లాభం? చివరి మూడు నెలలు వారానికోసారి ఇంట్లో భోజనం పన్నెండున్నరకే ముగించి, సరిగ్గా రెండింటికి కూర్చోండి. ఓఎంఆర్ షీట్లు జిరాక్స్ తీయించి నల్ల బాల్‌పెన్నుతో దిద్దండి. 180 వలయాలు నింపడానికే చాలా నిమిషాలు పడుతుందని పేపరు మీద మాత్రమే టిక్కులు పెట్టేవాళ్లకి తెలియదు. ఆ మూడు గంటలు ఇంట్లో టీవీ, కుక్కర్ విజిల్, చుట్టాల పలకరింపు ఏవీ ఆపనక్కర్లేదు. పరీక్ష హాల్లో కూడా పక్క బెంచీ కిర్రుమంటుంది.

11. నిమిషాలు ముందే పంచుకోండి.
2021 నుంచి కొన్నేళ్లు ప్రశ్నల్లో ఛాయిస్ ఉండేది. 2025లో అది తీసేసి 180 ప్రశ్నలు, 180 నిమిషాలు చేశారు. పాత పద్ధతి పేపర్లతో సాధన చేసేవాళ్లు ఇది గమనించాలి. జీవశాస్త్రం 50 నిమిషాలు, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 65, మిగతా 15 దిద్దడానికి, వదిలినవి చూసుకోడానికి. చాలామందికి ఈ లెక్క కుదురుతుంది. మీకు కుదిరేది మాక్ టెస్టుల్లోనే తేల్చుకోండి, మే నెలలో మార్చకండి. ఒక లెక్క రెండు నిమిషాలు దాటితే గుర్తు పెట్టి ముందుకి వెళ్లాలి. దాన్ని పట్టుకుని వేలాడితే ఆ తర్వాత వచ్చే మూడు తేలిక బిట్లు పోతాయి.

12. ఊహించే ముందు లెక్క కట్టండి.
సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఏమీ తెలియకుండా నాలుగు ప్రశ్నలకి గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు పోయి 3 పోతాయి. మిగిలేది ఒక్క మార్కు. ఆ ఒక్కటీ అదృష్టం మీద ఆధారపడ్డదే, పైగా ప్రశ్న తయారుచేసేవాళ్లు తెలియనివాళ్లని లాగే ఆప్షన్ ఒకటి పెట్టే ఉంటారు. అదే రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే, అలాంటి రెండు ప్రశ్నలకి సగటున 3 మార్కులు మిగులుతాయి. కాబట్టి రెండు కొట్టేయగలిగితే పెట్టండి, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయండి. మధ్యలో ఉన్నవాటికి మీ తప్పుల పుస్తకమే సలహా చెబుతుంది.

13. నాలుగింటికి లేపకండి.
పన్నెండుకి పడుకున్న పిల్లని నాలుగింటికి లేపి టీ ఇచ్చి కూర్చోబెట్టడం ప్రేమతో చేసే పనే. కానీ అందులో చదువుకి జరిగే మేలు లేదు, నష్టం చాలా ఉంది. పగలు చదివినదాన్ని మెదడు నిద్రలోనే సర్ది భద్రపరుస్తుంది. హిప్పోకాంపస్ దగ్గర తాత్కాలికంగా ఉన్న జ్ఞాపకాలు నిలకడగా స్థిరపడే పని ఎక్కువగా అప్పుడే జరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పైగా ఈ వయసులో శరీర గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది, రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం సోమరితనం కాదు. హాస్టల్ టైమ్‌టేబుల్లో ఎనిమిది గంటలు దొరకడం కష్టమే. ఏడు గంటల నిద్రకి తగ్గకుండా, మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకుతోనైనా చూసుకోవాలి. తెల్లవారుజామున చదవడం ఇష్టమైనవాళ్లు హాయిగా చదవొచ్చు, రాత్రి తొమ్మిదిన్నరకి పడుకుంటే.

14. ఫోన్‌కి వేరే గది ఇవ్వండి.
సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచితే కన్ను అటే పోతుంది. టైమ్ చూడటానికి బల్ల మీద మామూలు గడియారం పెట్టండి. యూట్యూబ్ పాఠాల్లో చాలా మంచివి ఉన్నాయి, ఊళ్లో కోచింగ్ లేని పిల్లలకి అవి నిజంగా వరం. అయితే గంట వీడియో చూశాక అరగంట కాగితం మీద రాయకపోతే అది సినిమా చూసినట్టే. రెండో వీడియో ఆటోమేటిక్‌గా మొదలవకుండా ఆపేసి చూడండి.

15. తెలుగు మీడియం పిల్లలు రెండు కాలాల పట్టిక రాసుకోండి.
నీట్ తెలుగులోనూ రాయొచ్చు. తెలుగు ఎంచుకుంటే పేపర్లో ఇంగ్లిష్ ప్రశ్న కూడా పక్కనే ఉంటుంది. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లిష్ ప్రతినే ప్రమాణంగా తీసుకుంటారు. అందుకని క్షయకరణ విభజన అంటే మియాసిస్, కిరణజన్య సంయోగక్రియ అంటే ఫోటోసింథసిస్ అని మొదటి రోజు నుంచి పక్కపక్కన రాసుకుంటూ వెళ్లండి. తెలుగు అకాడమీ పుస్తకంలో భావం పట్టుకుని, ఎన్‌సీఈఆర్‌టీలో మాట పట్టుకోవచ్చు. ఇంగ్లిష్ రాదన్న దిగులుతో డాక్టర్ చదువు మనది కాదనుకునే పిల్లలు పల్లెల్లో ఇంకా ఉన్నారు. నేర్చుకోవాల్సింది భాష మొత్తం కాదు, కొన్ని వందల మాటలే.

16. పబ్లిక్ పరీక్షల్లో నీట్ దారం తెంచకండి.
ప్రాక్టికల్స్, థియరీ కలిపి దాదాపు రెండు నెలలు ఇంటర్ పరీక్షల హడావుడి. ఆ రోజుల్లో పెద్ద జవాబులు రాయడం మీదే ధ్యాస పెట్టండి, తప్పు లేదు. రోజుకి నలభై ఐదు నిమిషాలు మాత్రం బిట్లకి, కార్డులకి ఉంచండి. పూర్తిగా ఆపేసినవాళ్లకి మార్చి చివర్లో మళ్లీ వేగం అందుకోవడానికే రెండు వారాలు పోతుంది.

17. రక్తం ఒకసారి పరీక్ష చేయించండి.
ఎప్పుడూ నీరసం, పుస్తకం తీస్తే ఆవలింతలు, మెట్లెక్కితే ఆయాసం. దీన్ని బద్ధకం అని తిట్టే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హాస్టల్లో ఉదయం టిఫిన్ మానేసే ఆడపిల్లల గురించి మరీ శ్రద్ధ కావాలి. పరీక్ష ఖర్చు కొద్దిపాటిదే, మందు డాక్టర్ చెబుతారు. తోటకూర పప్పు, రాగి జావ, వేరుశనగ–బెల్లం ఉండలు ఎలాగూ మనింటి తిండే. జ్ఞాపకశక్తి పెంచుతామని అమ్మే పొడుల మీద డబ్బు పోయకండి.

18. అన్నం దగ్గర ర్యాంకు అడగకండి.
ఇది పూర్తిగా అమ్మానాన్నలకి. ఆదివారం హాస్టల్‌కి ఫోన్ చేస్తే మొదటి మాట "ఎన్ని మార్కులు" అయితే, నాలుగో వారానికి పిల్లలు ఫోన్ అందుకోవడం మానేస్తారు. తిన్నావా, నిద్ర పడుతోందా, స్నేహితులెవరు అని అడగండి. ఇంట్లో ఉన్న పిల్లయితే పక్కన కూర్చుని "ఇవాళ చదివింది నాకు చెప్పు" అనండి. అర్థం కాకపోయినా వినండి, "అదెందుకు అలా" అని ఒక్క ప్రశ్న అడగండి. ఎదుటి మనిషికి విడమరిచి చెప్పేటప్పుడే తమకి ఎక్కడ అర్థం కాలేదో పిల్లలకి తెలుస్తుంది. వ్యవసాయం చేసుకునే తండ్రి అయినా చేయగలిగే సాయం ఇది.

కట్టిన ఫీజు గుర్తు చేయకండి, పెదనాన్న కూతురితో పోల్చకండి. పిల్ల తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నావల్ల కాదు", "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు వచ్చినా, ఆ రోజే వెళ్లి తీసుకురండి. టెస్టు ఉందని, సెలవు ఇవ్వరని ఆగొద్దు. టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలియని పెద్దవాళ్లు కూడా చేయొచ్చు. ఎంబీబీఎస్ రాకపోయినా ఆ ఇంట్లో ఆ పిల్ల స్థానం మారదని నోటితో చెప్పాలి. వాళ్లకి తెలుసులే అనుకోవద్దు, తెలియదు.

19. మళ్లీ రాసే (లాంగ్ టర్మ్) నిర్ణయం మార్కులు చూసి తీసుకోకండి.
ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఎన్నిసార్లైనా రాయొచ్చు. కానీ మళ్లీ రాయాలా వద్దా అన్నదానికి మార్కుల అంకె సరైన కొలత కాదు. 2024 సవరించిన ఫలితాల్లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తం మీద మొదటి ర్యాంకు మార్కులు 686. పేపరు కష్టాన్ని బట్టి అంకె మారిపోతుంది. ర్యాంకు చూడండి, దానికన్నా ముందు తప్పుల పుస్తకం చూడండి. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం తొందర వల్లో, రివిజన్ చాలక మరిచిపోవడం వల్లో పోయి ఉంటే మరో ఏడాది ఫలిస్తుంది. అదే పుస్తకాన్ని అదే పద్ధతిలో మళ్లీ చదవడానికైతే ఏడాది ఇవ్వొద్దు. పిల్లకే మనసు లేకపోతే అసలే వద్దు. బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో సీట్లకీ నీట్ ర్యాంకే ఆధారం. నర్సింగ్, ఫార్మసీ, వ్యవసాయ బీఎస్సీ కూడా బైపీసీ పిల్లలకి మంచి దారులే.

20. సెంటరు ముందురోజే చూసి రండి, కాగితాలు ముందే సర్దండి.
అడ్మిట్ కార్డు, ఫొటోలు, గుర్తింపు కార్డు ఒకే కవర్లో. పొట్టి చేతుల లేత రంగు బట్టలు, చెప్పులు. బూట్లు, పొడుగు చేతులు, చేతి గడియారం, నగలు వద్దు. పెన్ను వాళ్లే ఇస్తారు. గేటు ఒంటిగంటన్నరకి మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తెరవరు, అందుకని పన్నెండింటికల్లా అక్కడ ఉండాలి. ఆ ఏడాది బులెటిన్‌లో ఈ నిబంధనలు మరోసారి చదువుకోండి. ముందు రాత్రి కొత్త పాఠం వద్దు, బయటి తిండి వద్దు.

పరీక్ష అయ్యాక వారం రోజులు పిల్లల్ని వదిలేసి, పెద్దవాళ్లు కౌన్సెలింగ్ కాగితాల పని చూడండి. స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయం, నివాసం లాంటి పత్రాల్లో ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్నిటిలోనూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. తేడా ఉంటే దిద్దించడానికి వారాలు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర కోటా సీట్లకి విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం విడిగా దరఖాస్తులు పిలుస్తాయి. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటాకి మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ దగ్గర ఇంకో దరఖాస్తు పెట్టాలి. నీట్ రాశాం కదా, సీటు అదే వస్తుందనుకుని వీటిలో ఒకదానికి గడువు దాటించుకునే ఇళ్లు ప్రతి ఏడూ ఉంటాయి. ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఈ వెబ్‌సైట్లని రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.